అరెస్టుకు అనుమతి లేదు

సాన్ లారియో దేశం ప్రపంచపటం మీద వేలు పెడితే కనపడదు, వేలు తీస్తే కనపడుతుంది. రెండు అమెరికా ఖండాలను కలిపే సన్నటి నేల మీద, అటొక సముద్రం ఇటొక సముద్రం పెట్టుకుని, అరటితోటల మధ్య ఆ దేశం నడుస్తూ ఉంటుంది. అక్కడి అరటిపళ్ళు దూరదేశాల భోజనాల బల్లల దాకా వెళతాయి. వాటిని కడిగి పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళు మాత్రం ప్వెర్తో సెద్రో అనే రేవు ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళరు. డొమిటీలా అరౌస్ వెళ్ళింది. శాసనసభ దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

పంతొమ్మిదో ఏట ఆమె అరటి షెడ్డులో చేరింది. ఇరవై రెండో ఏట, రోజుకు పన్నెండు గంటలు నిలబడి పనిచెయ్యలేమని నాలుగు వందల మంది చేత పని ఆపించింది. అప్పుడు దేశాన్ని ఒక జనరల్ ఏలుతున్నాడు. ఆయనకు సమ్మె అన్న మాట ఎంత గిట్టదంటే, దాన్ని బడిపిల్లల నిఘంటువులోంచి కూడా తీయించేశాడు. డొమిటీలా మీద వారంటు పుట్టింది. ఆమె తొమాసా రీవాస్ అని పేరు మార్చుకుని కొండల వైపు పోయింది. రెండేళ్ళ తరవాత కరపత్రాలతో దొరికిపోయింది. పోలీసులు ఆమె ఎడమ చెయ్యి విరగ్గొట్టారు గాని అసలు పేరు రాబట్టలేకపోయారు. పేరు చెబితే ఊళ్ళో ఉన్న ఇద్దరు తమ్ముళ్ళనూ పట్టుకుపోతారని ఆమెకు తెలుసు. తొమాసాగానే ఇరవై ఆరు నెలలు జైల్లో ఉంది, తొమాసాగానే బయటికొచ్చింది.

కొన్నాళ్ళకు జనరల్ విమానమెక్కి పారిపోయాడు. ప్రజా విమోచన కూటమి అధికారంలోకి వచ్చింది. డొమిటీలా తన సొంత పేరుతో ప్వెర్తో సెద్రో నుంచి శాసనసభకు ఎన్నికైంది. ఆమె మీద పోటీచేసినాయన కూడా ఆమెకే ఓటేశాడని చెప్పుకునేవారు.

సభలో ఆమె పట్టుకున్న పని ఒక్కటే. దాన్ని అందరూ మందు బిల్లు అనేవారు. ఆకుమచ్చ తెగులుకు కంపెనీ విమానాలు తోటల మీద మందు కొట్టేవి. తోట ఎక్కడ అయిపోతుందో, కూలీల ఇళ్ళు ఎక్కడ మొదలవుతాయో పైలట్లు పట్టించుకునేవారు కాదు. మందు కూలీల నెత్తిమీద పడేది, పొయ్యి మీది బీన్సు కుండలో పడేది, ఉయ్యాల్లో పడుకున్న పిల్లల కళ్ళలో పడేది. ఇళ్ళ మీద, మనుషుల మీద మందు కొట్టరాదన్నదే ఆ బిల్లు. మూడుసార్లు చదివి మూడుసార్లు ఓటు వెయ్యాలి. రెండుసార్లు గట్టెక్కింది, అదీ ఒక్క ఓటు తేడాతో.

మూడో ఓటింగుకు ముందు దేశానికొక చిక్కు వచ్చింది. జనరల్ కింద పనిచేసినవాళ్ళందరూ రాత్రికి రాత్రే ఎర్రచొక్కాలు కుట్టించుకుని కూటమిలో చేరిపోయారు. నిన్నటిదాకా లాఠీ పట్టినవాడు ఇవాళ పిడికిలి ఎత్తుతున్నాడు. వీళ్ళను ఏరెయ్యడం ఎలా? కూటమి ప్రధాన కార్యదర్శి కామ్రేడ్ లియోనిదాస్ కింతెరో సభలో లేచి, "నిజమైన పోరాటశక్తులకూ అవకాశవాద శక్తులకూ మధ్య గుణాత్మకమైన విభజనరేఖ గియ్యవలసిన చారిత్రక దశలో మనం ఉన్నాం" అన్నాడు. అంటే ఎవరు నిజంగా జైలుకెళ్ళారో చూడాలని అర్థం. చట్టం రాసే పని డొమిటీలాకు అప్పగించారు, ఆమె కన్నా నమ్మదగినవాళ్ళు లేరని.

ఆమె మనసుపెట్టి రాసింది. "నియంత చెరసాల గోడల మధ్య తమ యవ్వనాన్ని గడిపినవారికే ప్రజల తరఫున మాట్లాడే హక్కు కలదు." ఈ వాక్యం చదవగానే సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇద్దరు ముసలి సభ్యులు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

చట్టం వచ్చాక దాన్ని అమలు చెయ్యడానికొక డైరెక్టరేటు వచ్చింది. డైరెక్టరేటు వచ్చాక మార్కులు వచ్చాయి. జైల్లో గడిపిన ప్రతి నెలకూ నాలుగు మార్కులు. అరవై మార్కులు వస్తే పోరాట ధ్రువపత్రం ఇస్తారు. అది లేనివాళ్ళు సభ్యులుగా ఉండరాదు, ఇప్పటికే ఉన్నవాళ్ళకు రెండేళ్ళ గడువు. ఆరు వారాలు తిరక్కుండానే, అది లేనివాళ్ళు గుమాస్తాలుగా ఉండరాదన్నారు. తరవాత పంతుళ్ళుగా, పోస్టుమాన్లుగా, ఫుట్‌బాల్ రిఫరీలుగా ఉండరాదన్నారు. గోల్‌కీపర్లకు మాత్రం మినహాయింపు దొరికింది, వాళ్ళు ఎలాగూ గోడలాగే నిలబడతారని.

జనరల్ హయాంలో జైలుకు వెళ్ళే అవకాశం దొరకనివాళ్ళ మాటేమిటని యువజన విభాగం అడిగింది. న్యాయమైన ప్రశ్నేనని ప్రభుత్వం ఒప్పుకుంది. పాత జైళ్ళకు సున్నాలు వేయించి, పదిహేను నెలల శిక్షణ ఖైదు ప్రవేశపెట్టింది. దరఖాస్తులు వెల్లువెత్తాయి. మంత్రుల మేనల్లుళ్ళకు గాలి వచ్చే గదులు దొరికాయి, సిఫారసు లేనివాళ్ళకు వరండాలు దొరికాయి. జైళ్ళు నిండిపోయేసరికి, ప్రతి జిల్లాకూ నెలకు నలభై అరెస్టులేనని కోటా పెట్టారు. డైరెక్టరేటు ముందస్తు అనుమతి లేకుండా చేసిన అరెస్టు చెల్లదని, అలా చేసిన పోలీసు మీద చర్య తీసుకుంటామని జీవో ఇచ్చారు. అంతకుముందే రాజధానిలో ఒక కోళ్ళ దొంగ దొరికిపోయి, పదిహేను నెలలు పూర్తిచేసి, ఒక తాలూకా విద్యాధికారి అయి కూచున్నాడు. అప్పట్నించి దొంగలు కనపడితే పోలీసులు మొహం తిప్పుకునేవారు.

డొమిటీలా ఇవన్నీ చూసి నవ్వుకుంది. కొత్త ఇల్లు గదా, కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందిలే అనుకుంది. మందు బిల్లు మూడో ఓటింగు తొమ్మిది రోజులుందనగా, గడువు దాటకుండా అందరిలాగే తనూ ధ్రువపత్రం కోసం డైరెక్టరేటుకు వెళ్ళింది.

డైరెక్టరు కుర్చీలో ఎవరిస్తో పినేదా కూచుని ఉన్నాడు. పెద్దమనిషిని దోన్ అని, ఆడవాళ్ళను సేన్యోరా అని పిలవడం అక్కడి మర్యాద. ఆయన్ను అందరూ దోన్ ఎవరిస్తో అంటారు. జనరల్ కాలంలో ఇరవై రెండేళ్ళు సెంట్రల్ జైల్లో పనిచేసి సూపరింటెండెంటు అయినాయన. ఎవర్నీ చేత్తో ముట్టుకోలేదు, ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకునేవాడు. విమోచన నాడు జనం గేట్లు విరగ్గొట్టబోతుంటే, తాళాలగుత్తితో పాటు రిజిస్టర్లన్నీ అప్పగించి, ముట్టినట్టు సంతకం అడిగిన మనిషి. ఎవరు ఎప్పుడు జైల్లో ఉన్నారో ఆ రిజిస్టర్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఆ రిజిస్టర్లలోని అక్షరాలు దోన్ ఎవరిస్తో తప్ప ఇంకెవరూ చదవలేరు. కాబట్టి కూటమి ఆయన్నే డైరెక్టరును చేసింది.

ఆమెను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. "రండి సేన్యోరా, కూచోండి. చెయ్యి ఎలా ఉంది? వానాకాలంలో సలుపుతోందా?"

"సలుపుతోంది" అంది డొమిటీలా. "నేను గుర్తున్నానన్నమాట."

"ఎంత మాట! మూడో బ్లాకు, ఏడో గది. వచ్చిననాడు కాళ్ళకు చెప్పుల్లేవు. చెయ్యి విరిగింది గురువారం. నా జ్ఞాపకశక్తికి ఏం లోటు లేదు."

"అయితే సంతకం పెట్టండి. ఇరవై ఆరు నెలలు. నూట నాలుగు మార్కులు."

దోన్ ఎవరిస్తో రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో వెతికాడు. "మూడో బ్లాకు, ఏడో గదిలో ఉన్నది తొమాసా రీవాస్ అనే వ్యక్తి. ఆవిడకి నూట నాలుగు మార్కులు వస్తాయి. డొమిటీలా అరౌస్ పేరున ఈ రిజిస్టర్లో ఏ నమోదూ లేదు."

"ఆ తొమాసా నేనే. మీకు తెలుసు."

"గుర్తుండటం వేరు, రికార్డు వేరు సేన్యోరా. పైగా ఆవిడ మీరేనని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ప్రభుత్వాధికారికి తప్పుడు పేరు చెప్పిన నేరం మీ మీద పడుతుంది. ఆ చట్టం ఇంకా రద్దు కాలేదు."

"మీరు సాక్షిగా ఉండొచ్చుగా? చెయ్యి విరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి రాసుకున్నారు."

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "అందుకే ఉండకూడదు. పరిశీలనాధికారి తనకు స్వయంగా సంబంధమున్న విషయంలో సాక్ష్యం ఇవ్వరాదు. నిబంధన పద్నాలుగు, బి. మీతో పాటు ఆ గదిలో ఉన్నవాళ్ళు ఇద్దరు వచ్చి చెప్పినా సరిపోతుంది."

"ఆ గదిలో మేం నలుగురం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గుర్నీ జైలు వెనక గోడ దగ్గర నిలబెట్టి కాల్చారు."

"అవునవును. రికార్డులో ఉంది" అన్నాడు దోన్ ఎవరిస్తో, గొంతు తగ్గించి. "చనిపోయినవాళ్ళు సాక్ష్యమివ్వడానికి మన దగ్గర ఫారం లేదు. పై వాళ్ళకు రాస్తాను, ఫారం ముద్రించమని."

డొమిటీలా ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని వెతికింది. ఎగతాళి లేదు. జైల్లో కూడా ఆ మొహం ఇలాగే ఉండేది, ఎంతో శ్రద్ధగా, దయగా. తను రాసిన వాక్యానికి అందరూ చప్పట్లు కొట్టిన రోజు గుర్తొచ్చి ఆమె కుర్చీలోంచి లేచింది.

నేరుగా కూటమి ఆఫీసుకు వెళ్ళి లియోనిదాస్‌తో చెప్పింది. ఆయన ఆమెను పదిహేనేళ్ళుగా ఎరుగును. కొండల్లో ఆమె తన చెప్పులు ఆయనకిచ్చి నడిచింది. అందుకేగా జైలుకు వెళ్ళినప్పుడు కాళ్ళకు చెప్పుల్లేనిది.

"వ్యక్తిగతంగా నాకు అనుమానం లేదు కామ్రేడ్" అన్నాడు లియోనిదాస్. "కాని వ్యక్తిగత జ్ఞాపకం అనేది మధ్యతరగతి ఆలోచనా ధోరణి. సమష్టి జ్ఞాపకం రిజిస్టర్లో ఉంది. నీ ఒక్కదాని కోసం సడలిస్తే అవకాశవాదులందరూ అదే దారిన వస్తారు. చట్టం రాసింది కూడా నువ్వేనాయె."

"సీటు పోతే పోయింది లియో. బిల్లు పోతుంది. ఒక్క ఓటు తేడా."

"వస్తుగత పరిస్థితులు పరిపక్వం కానప్పుడు ఒక్క ఓటుతో చరిత్ర మారదు" అన్నాడాయన. గోడ గడియారం చూసి, మరో మీటింగుకు లేచాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న ఆమె సీటు ఖాళీ అయినట్టు ప్రకటించారు. ఖాళీ అయిన సీటును దేశంలో ఎక్కువ మార్కులున్నవాళ్ళతో నింపాలన్నది రూలు. లెక్క వేసేవాళ్ళు చట్టం తీసి చూశారు. చెరసాల గోడల మధ్య యవ్వనాన్ని గడిపినవారు అని ఉంది తప్ప, గోడల మధ్య ఏ హోదాలో గడపాలో అందులో లేదు. దోన్ ఎవరిస్తో ఇరవయ్యొకటో ఏట ఆ గేటు లోపలికి వెళ్ళాడు, నలభై మూడో ఏట బయటికొచ్చాడు. ఆదివారాలు కూడా ఇంటికి వెళ్ళేవాడు కాదు. ఇరవై రెండేళ్ళకూ ఆయనకు వెయ్యీ యాభై ఆరు మార్కులు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న కవి ఆయన కాలిగోటికి కూడా చాలలేదు.

ఆ మధ్యాహ్నం దోన్ ఎవరిస్తో ప్రమాణం చేసి డొమిటీలా సీట్లో కూచున్నాడు. ఎవరి మీదా కక్ష లేదు ఆయనకు. మందు బిల్లు చేతికి రాగానే చివరిదాకా చదివి, మూడో అనుబంధం మీద తేదీ లేదని వ్యతిరేకంగా ఓటేశాడు. బిల్లు ఒక్క ఓటుతో ఓడిపోయింది.

డొమిటీలా సందర్శకుల బెంచీ మీద కూచుని అదంతా చూసింది. ఏడుపు రాలేదు. బయటికొచ్చి ప్వెర్తో సెద్రో బస్సెక్కింది.

షెడ్డులో కాస్తులా అరటిగెలలు కడుగుతోంది. కాస్తులాకు యాభై ఎనిమిదేళ్ళు. డొమిటీలాకు పని నేర్పింది ఆమే, మొదటి సమ్మెలో పక్కన నిలబడిందీ ఆమే. మందు వల్ల ఒక కన్ను మసకబారింది. రెండో కంటితోనే అన్నీ చూస్తుంది.

"ఓడిపోయాం అక్కా" అంది డొమిటీలా.

"రేడియోలో విన్నాం. మరి ఆ జైలరుకి ఓటేసిందెవరే?"

"ఎవరూ వెయ్యలేదు. మార్కులు."

కాస్తులా తడిచేతులు గౌనుకు తుడుచుకుంది. "మాకవన్నీ తెలీవు గాని డొమీ, సోమవారం విమానాలొస్తున్నాయి. నా మనవరాలికి పుట్టి నెల కాలేదు. ఏం చేద్దామో చెప్పు."

డొమిటీలా ఏదో చెప్పబోయి ఆగింది. మూడేళ్ళుగా ఆమె ఏం చేద్దామన్నా సవరణ అనో, అనుబంధం అనో మొదలుపెట్టడం అలవాటైపోయింది. ఆ మాటలేవీ ఇక్కడ పనికిరావు. వాటిని పక్కన పెట్టి అంది: "విమానం ఎగరాలంటే ముందు నేల మీద పరిగెత్తాలిగా అక్కా."

సోమవారం తెల్లవారేసరికి కంపెనీ విమానాల రన్‌వే మీద ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. మొదట మూడు వందలు. పొద్దెక్కేసరికి పక్క ఊళ్ళవాళ్ళు చేరి రెండు వేలు దాటారు. గొడుగులు తెచ్చుకున్నారు, పొయ్యిలు పెట్టారు, మధ్యాహ్నానికి రొట్టెలు కాలుతున్నాయి.

జిల్లా పోలీసు కెప్టెన్ ఉర్బీనా అరవై మంది పోలీసులతో వచ్చాడు. మైకు పట్టుకుని, "వెంటనే ఖాళీ చెయ్యండి! లేకపోతే" అని, అక్కడ ఆగిపోయాడు.

"లేకపోతే?" అని అడిగింది కాస్తులా, కూచున్నచోటు నుంచే.

కెప్టెన్ మైకు కట్టేశాడు. దగ్గరకొచ్చి గొంతుక్కూచున్నాడు. "అమ్మా, లేవండమ్మా. నన్ను ఇబ్బంది పెట్టకండి. ఈ నెల కోటా నలభై అయిపోయింది. డిసెంబరు దాకా కూడా అయిపోయింది, అందరూ ముందే రాయించుకున్నారు. మిమ్మల్ని అరెస్టు చేస్తే నా ఉద్యోగం పోతుంది."

"అరెస్టు చెయ్యకపోతే?"

"మీరు లేవరు."

"మరింకేం, కూచో నాయనా. రొట్టె తిను."

రాజధానికి తంతి వెళ్ళింది. రెండు వేల మందిని పట్టుకోవడానికి అనుమతి ఇవ్వగలరా అని. డైరెక్టరేటులో గగ్గోలు పుట్టింది. రెండు వేల మంది షెడ్డు ఆడవాళ్ళను పదిహేను నెలలు జైల్లో పెడితే, ఆపైన రెండు వేల మందికీ సభ్యులయ్యే అర్హత వస్తుంది. సభలో సీట్లే ఎనభై. జవాబు గంటలో వచ్చింది: ఎట్టి పరిస్థితుల్లోనూ ఎవరినీ అరెస్టు చెయ్యరాదు. గాయాలకు కూడా ఈ వారం నుంచి మార్కులిస్తున్నారు గనక, లాఠీలు స్టేషన్లోనే వదిలి రావలెను.

అలా పోలీసులు ఉత్త చేతులతో రన్‌వే చుట్టూ నిలబడ్డారు. ఆడవాళ్ళు వంతులవారీగా షెడ్డు పనికి వెళ్ళొచ్చి కూచునేవారు. నాలుగో రోజు జోరున వాన పడింది. కొందరికి జ్వరాలొచ్చాయి, కొందరు ఇళ్ళకు పోదామన్నారు. కాస్తులా మనవరాలికి పాలు పట్టడానికి కూతురు అక్కడికే వచ్చేది. డొమిటీలా వానలో ఒక గుంపు దగ్గర్నించి ఇంకో గుంపు దగ్గరికి తిరుగుతూ, ఎవరు లేవబోతున్నారో కనిపెట్టి వాళ్ళ పక్కనే కూచునేది. ఎడమ చెయ్యి సలుపు భరించలేక తలగుడ్డతో మెడకు కట్టుకుంది.

ఎనిమిదో రోజు లియోనిదాస్ జీపులో వచ్చాడు. చేతిలో ఎర్ర సీలు వేసిన కాగితం. ఆమెను పక్కకు పిలిచాడు.

"కామ్రేడ్, చాలా పోరాడి సాధించాను" అన్నాడు. ఈసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "నీ ఒక్కదానికి అరెస్టు మంజూరైంది. పదిహేను నెలలు. అరవై మార్కులు, నీ సొంత పేరు మీద. గాలి వచ్చే గది. బయటికొచ్చేసరికి ఎన్నికలు. నిన్ను మంత్రిని చెయ్యకపోతే నన్నడుగు. ఈ జీపులోనే వెళదాం పద."

"వీళ్ళు?"

"నాయకత్వం లేని ప్రజారాశి క్రమంగా..."

"మామూలుగా చెప్పు లియో."

"నువ్వు లేకపోతే రెండురోజుల్లో లేచిపోతారు. విమానాలు ఎగురుతాయి. కాని తరవాత నువ్వు సభలో బిల్లు పెట్టొచ్చు."

ఆమె ఆ కాగితం పూర్తిగా చదివింది. పైన తన పేరు, డొమిటీలా అరౌస్, ఎక్కడా తప్పు లేకుండా ఉంది. ఒక ప్రభుత్వ కాగితం మీద తను పోరాడినట్టు రాసి ఉండటం ఆమె మొదటిసారి చూస్తోంది. అది తనకు ఇంత కావాలని ఉంటుందని ఆమెకే తెలియదు. చదవడం అయిపోయాక కూడా కాసేపు పట్టుకునే ఉంది. తరవాత మడిచి ఆయన జేబులో పెట్టింది.

"నాకిప్పుడు తీరిక లేదు" అంది.

"ఇలాంటి మంజూరు మళ్ళీ దొరకదు!"

"వేరేవాళ్ళకివ్వు. వరండాలో ఉన్నవాళ్ళెవరైనా ఉంటారు."

జీపు వెళ్ళిపోయింది. కెప్టెన్ ఉర్బీనా అంతా విన్నాడు. సాయంత్రం తన వానకోటు తెచ్చి ఆమె మీద కప్పి వెళ్ళాడు.

పదకొండో రోజుకు ఆకుమచ్చ తెగులు తోటల్లో మూడో వరస దాటింది. కంపెనీ మేనేజరు తనే నడుచుకుంటూ రన్‌వే మీదికి వచ్చాడు. ఇళ్ళకు అరమైలు లోపు విమానం రాదని, మందు కొట్టే ముందు సైరన్ మోగించి కూలీలనందర్నీ తోటలోంచి బయటికి పంపిస్తామని కాగితం మీద రాసిచ్చాడు. చదువొచ్చినవాళ్ళు రెండుసార్లు పైకి చదివారు. కాస్తులా మూడోసారి చదివించుకుంది. ఆ తరవాతే లేచారు.

డైరెక్టరేటు దీని మీద విచారణ జరిపింది. నివేదిక మీద దోన్ ఎవరిస్తో సంతకం పెట్టాడు. ఆ పదకొండు రోజుల్లో ఒక్క అరెస్టు గాని, ఒక్క గాయం గాని నమోదు కానందువల్ల, ప్వెర్తో సెద్రోలో ఎలాంటి పోరాటమూ జరగలేదని అందులో తేల్చారు. కూటమి పత్రికలో లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది.

బుధవారం భోజనాలవేళ షెడ్డు మెట్ల మీద కూచుని డొమిటీలా ఆ పత్రిక చూస్తోంది. ఆమెకు అదే షెడ్డులో, పెట్టెలకు మూతలు వేసే దగ్గర పని దొరికింది. ఒక్క చేత్తో చేసుకోవచ్చు.

"ఏం రాశారే నీ గురించి?" అని అడిగింది కాస్తులా.

"కామ్రేడ్ డొమిటీలా అరౌస్ అనారోగ్య కారణాలవల్ల పోరాటాల నుంచి విరమించుకున్నారట. ఆమె విశ్రాంత జీవితం ప్రశాంతంగా సాగాలని కోరుకుంటున్నారు."

"మంచిదే" అంది కాస్తులా, రొట్టె తుంచుకుంటూ. "అయితే ఆదివారం ఖాళీయేగా? లా ఎస్పెరా తోటవాళ్ళు మనిషిని పంపారు. అక్కడి బావిలో నీళ్ళు పచ్చగా వస్తున్నాయంట. ఎలా కూచోవాలో వచ్చి చెప్పమంటున్నారు."

డొమిటీలా పత్రిక మడిచి కింద పెట్టింది.

"మొదటి బస్సు ఎన్నింటికి?" అంది.